బిడ్డను తొలి దశ మందు ప్రయోగంలో చేర్చే ముందు: అరుదైన జన్యు కదలిక రుగ్మతలున్న పిల్లల తల్లిదండ్రులకు మార్గదర్శిని

పిల్లల కదలికలను దెబ్బతీసే అరుదైన జన్యు వ్యాధుల్లో చాలావాటికి మూలం మీద పనిచేసే మందు ఇప్పటికీ లేదు. డిస్టోనియాతో మెలితిరిగే చేతికి, అటాక్సియాతో తూలిపోయే నడకకు, ఉన్నట్టుండి పైకి తిరిగి గంటల తరబడి అలాగే నిలిచిపోయే కనుగుడ్లకు కొంత ఉపశమనం ఇచ్చే మందులు ఉన్నాయే తప్ప వ్యాధి ముదరకుండా ఆపేవి బహు తక్కువ. అందుకే ఎక్కడో ఒక కొత్త మందు ప్రయోగం మొదలవుతోందన్న కబురు వినగానే తల్లిదండ్రులకు ప్రాణం లేచివస్తుంది. ఆ ఆశ న్యాయమైనదే. దానితోపాటు ఒక సంగతి కూడా మనసులో స్థిరంగా ఉండాలి. తొలి దశ ప్రయోగం మొట్టమొదట తేల్చుకోవాలనుకునేది ఈ మందును ఎంత మోతాదు వరకు ప్రమాదం లేకుండా ఇవ్వవచ్చునన్నది. మీ బిడ్డకు మేలు జరుగుతుందా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఈ వరుసను మరవకుండా ప్రయోగాన్ని ఎలా వెతకాలో, కాగితాలను ఎలా చదవాలో, ఏమేమి అడగాలో, చేరిన తర్వాత ఎలా మసలుకోవాలో కింద వివరిస్తున్నాను.

ముందు రోగ నిర్ధారణ

ప్రయోగాల కోసం వెతికే ముందు, ఇప్పటికే చికిత్స ఉన్న వ్యాధి ఏదీ కాదని ఖాయం చేసుకోవాలి. ఇది చాలామంది అనుకునేదానికంటే ముఖ్యం. సెగావా వ్యాధి అని కూడా పిలిచే డోపా రెస్పాన్సివ్ డిస్టోనియా ఉన్న పిల్లలు పొద్దున బాగానే నడిచి, సాయంత్రమయ్యేసరికి కాళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోతారు. దీన్ని సెరిబ్రల్ పాల్సీగా పొరబడి ఏళ్లు గడిచిపోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఎన్నో నమోదయ్యాయి. లెవోడోపా అనే మందు కొద్దిపాటి మోతాదుతో ఆ పిల్లల్లో చాలామంది మామూలుగా నడవగలుగుతారు. మెదడుకు గ్లూకోజు సరిగా అందని గ్లూట్1 లోపానికి కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉండే కీటోజెనిక్ ఆహారం, ఎస్ఎల్‌సీ19ఏ3 జన్యులోపంతో వచ్చే బేసల్ గాంగ్లియా (కదలికలను నియంత్రించే మెదడు లోపలి భాగం) వ్యాధికి బయోటిన్, థయమిన్ విటమిన్లు పనిచేస్తాయి. వీటిని పరీక్షించి కొట్టివేశారా అని మీ న్యూరాలజిస్టును సూటిగా అడగండి. అడిగినందుకు మంచి వైద్యుడు ఎవరూ నొచ్చుకోరు.

తర్వాత జన్యు పరీక్ష నివేదిక. అందులో జన్యువు పేరు ఉంటే సరిపోదు. దొరికిన మార్పు వ్యాధికి కారణమని నిర్ధారించినదా, లేక ప్రాముఖ్యం ఇంకా తేలని మార్పా అన్నది చూడాలి. అంతర్గత లక్షణంగా (రెసెసివ్) వచ్చే వ్యాధుల్లో జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం ఉండాలి కాబట్టి, ఆ రెండు మార్పుల్లో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చాయని మీ ఇద్దరి రక్తాన్నీ పరీక్షించి తేల్చి ఉండాలి. ప్రయోగాల్లో చేర్చుకునే నిబంధనలు చాలావరకు ఇక్కడే బిగుస్తాయి. వీలైతే నివేదికతోపాటు పరీక్షశాల నుంచి అసలు డేటా ఫైలు కూడా తీసుకుని దాచుకోండి. ఐదేళ్ల తర్వాత ఎవరైనా మళ్లీ విశ్లేషించాల్సి వస్తే అది పనికొస్తుంది.

ఇంట్లో తీసే వీడియోలు

ప్రయోగంలో చేరినా చేరకపోయినా ఈ పని ఇప్పుడే మొదలుపెట్టమని నా గట్టి సలహా. అరుదైన వ్యాధుల్లో మందు పనిచేసిందా లేదా అని తేల్చాలంటే, మందు లేకపోతే వ్యాధి ఎలా నడిచేదో తెలియాలి. వేలమంది రోగులు ఉండరు కాబట్టి ప్రతి బిడ్డ చరిత్రా విలువైనదే. నెలకొకసారి ఒకే గదిలో, ఒకే కుర్చీ దగ్గర, ఫోనును ఒకే ఎత్తులో నిలబెట్టి తీయండి. పాదాల నుంచి తల వరకు మొత్తం ఫ్రేములో కనిపించాలి; బట్టలు మోకాళ్లను, మోచేతులను కప్పకూడదు. కూర్చోవడం, లేవడం, నాలుగడుగులు నడిచి వెనక్కి తిరగడం, కప్పు అందుకుని నోటి దగ్గరకు తీసుకెళ్లడం, ముక్కును వేలితో తాకడం, ఒక వాక్యం పలకడం, ఇవి చాలు. నడవలేని బిడ్డయితే పడుకోబెట్టి, ఒడిలో కూర్చోబెట్టి తల ఎంతసేపు నిలుపుతుందో చూపండి. వీడియో మొదట్లోనే తేదీ, సమయం, చివరి డోసు మందు ఎప్పుడు వేశారో, రాత్రి ఎలా నిద్రపోయిందో మీ గొంతుతో చెప్పండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తీస్తే ఇంకా మేలు, ఎందుకంటే ఈ వ్యాధుల్లో కొన్ని అలసటతో పెరిగి నిద్రతో తగ్గుతాయి. బిడ్డ బాగున్న రోజునే తీయాలన్న కోరిక సహజం. దాన్ని కాస్త పక్కన పెట్టి, నిర్ణయించుకున్న రోజున ఎలా ఉంటే అలా తీయండి.

వెతకడం

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2000లో ప్రారంభించిన క్లినికల్‌ట్రయల్స్.గవ్ నమోదు పట్టికలోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే అంతర్జాతీయ పోర్టల్‌లోనూ వ్యాధి పేరుతో, జన్యువు పేరుతో విడివిడిగా వెతకండి. అమెరికా పట్టికలో ప్రతి ప్రయోగానికీ ఎన్‌సీటీ అనే అక్షరాల తర్వాత ఎనిమిది అంకెలు ఉంటాయి. ఆ సంఖ్య ఉన్నంత మాత్రాన ఏ ప్రభుత్వమో ఆ మందును మెచ్చిందని అర్థం కాదు. నమోదు చేసుకున్నారని మాత్రమే అర్థం. ప్రయోగం ఏ స్థితిలో ఉందో కూడా గమనించండి. మధ్యలో ఆపేసిన ప్రయోగాల పేజీల్లో కారణం ఒక వాక్యంలో రాసి ఉంటుంది. అదే మందుతో కొత్త ప్రయోగం వస్తున్నప్పుడు ఆ వాక్యం చదివి తీరాలి. ప్రయోగాత్మక మందుకు కుటుంబం నుంచి పెద్ద మొత్తం డబ్బు అడిగే చోట, ముఖ్యంగా మూలకణాల పేరు చెప్పి అడిగే చోట, అక్కడితో ఆగిపోండి. సక్రమంగా నడిచే తొలి దశ ప్రయోగంలో మందు ఖర్చు, దానికి సంబంధించిన పరీక్షల ఖర్చు నిర్వాహకులే భరిస్తారు.

తొలి దశ అంటే లోపల జరిగేది

సాధారణ మందులను మొదటి దశలో ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ల మీద పరీక్షిస్తారు. పిల్లల జన్యు వ్యాధుల్లో, అందులోనూ జన్యు చికిత్సల్లో, అది కుదరదు. అందువల్ల తొలి రెండు దశలను కలిపి నేరుగా వ్యాధి ఉన్న పిల్లలతోనే మొదలుపెడతారు. మొదటి బిడ్డకు తక్కువ మోతాదు ఇచ్చి కొన్ని వారాలు ఆగుతారు. ఏ హానీ కనిపించకపోతే రెండో బిడ్డకు, ఆ తర్వాత మోతాదు పెంచి తర్వాతి బృందానికి ఇస్తారు. దీని అర్థం తల్లిదండ్రులకు స్పష్టంగా తెలియాలి: మొదటి బృందంలో చేరే బిడ్డకు ప్రయోజనం ఇవ్వలేనంత తక్కువ మోతాదు అందవచ్చు, చివరి బృందంలో చేరే బిడ్డకు ఇంతవరకు ఎవరూ పొందనంత ఎక్కువ మోతాదు అందవచ్చు. మీ బిడ్డ ఎన్నో స్థానంలో ఉందో, ముందు ఇచ్చిన పిల్లల్లో ఏమి జరిగిందో, మొదటి బృందంవారికి తర్వాత పూర్తి మోతాదు ఇచ్చే వీలుందో లేదో అడగండి.

ఈ దారి చివరిదాకా నడిచిన మందుల్లో ఏఏడీసీ లోపానికి వచ్చిన జన్యు చికిత్స ఒకటి. ఈ వ్యాధిలో డీడీసీ జన్యులోపం వల్ల, మెదడులో సంకేతాలు మోసే డోపమైన్, సెరటోనిన్ రసాయనాలను తయారు చేసే ఎంజైమ్ పనిచేయదు. పిల్లలు మెడ నిలపలేరు, కనుగుడ్లు పైకి తిరిగే క్రైసిస్‌లు పదేపదే వస్తాయి. తైవాన్‌లో నలుగురు పిల్లలకు, నాలుగు నుంచి ఆరేళ్ల వయసులో, నిరపాయకరమైన వైరస్‌లో ఆ జన్యువును పెట్టి మెదడులోని పుటామెన్ భాగంలోకి శస్త్రచికిత్సతో ఎక్కించారు. 2012లో ఫలితాలు ప్రచురించారు. నలుగురూ బరువు పెరిగారు. ఒక బిడ్డ 16 నెలలకు నిలబడగలిగింది. మిగిలిన ముగ్గురు 6 నుంచి 15 నెలల మధ్య ఆసరాతో కూర్చోగలిగారు. అదే సమయంలో నలుగురికీ ఒళ్లంతా ఆగకుండా కదిలే డిస్కైనేసియా వచ్చి, కొన్ని నెలల తర్వాత తగ్గింది. మందు పనిచేయడం మొదలైనందువల్లే ఆ కదలికలు వచ్చాయని వైద్యులు భావించినా, ఇంట్లో బిడ్డను పట్టుకుని కూర్చున్న తల్లికి ఆ నెలలు ఎంత దుర్భరమో ఊహించవచ్చు. ఇదే మార్గంలో తయారైన మందుకు యూరోపియన్ కమిషన్ 2022 జులైలో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 నవంబరులో అనుమతి ఇచ్చాయి. తొలి నలుగురి ఫలితాలకూ మొదటి అనుమతికీ మధ్య పదేళ్లు పట్టాయి. మీ బిడ్డకు అంత వ్యవధి ఉందా అన్న ప్రశ్న ఎంత కఠినమైనా, నిర్ణయానికి ముందు వైద్యుడితో మాట్లాడుకోవలసిందే.

ప్లసీబో గురించి

తల్లిదండ్రులు ఎక్కువగా బాధపడేది ఇక్కడే: అంత దూరం వెళ్లి, అన్ని పరీక్షలు చేయించుకుని, చివరికి బిడ్డకు మందు లేని గుళిక దక్కవచ్చునన్న ఆలోచన భరించరానిదిగా ఉంటుంది. ఆ బాధను నేను తక్కువ చేయను. కానీ ఫ్రీడ్రిక్ అటాక్సియా అనే జన్యు వ్యాధిలో ఐడెబెనోన్ అనే మందు అనుభవం చూడండి. చిన్న ప్రయోగాల్లో ఆశాజనకంగా కనిపించిన ఈ మందును 8 నుంచి 18 ఏళ్ల మధ్య వయసు గల 70 మందిలో ఆరు నెలలు పరీక్షించారు. 2010లో వెలువడిన ఫలితాల్లో మందు తీసుకున్న పిల్లలు 100 పాయింట్ల అటాక్సియా కొలమానం మీద సగటున 2.5 పాయింట్లు మెరుగుపడ్డారు. ప్లసీబో తీసుకున్నవాళ్లు కూడా 1.3 పాయింట్లు మెరుగుపడ్డారు. ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు, అంటే యాదృచ్ఛికంగా కూడా రాగలిగినంత చిన్నది. ప్లసీబో బృందమే లేకపోయి ఉంటే, పిల్లలు మెరుగుపడ్డారు కాబట్టి మందు పనిచేసిందని అందరూ నమ్మేవారు. పరీక్ష అలవాటు కావడం, శ్రద్ధగా చూసేవాళ్లు ఉండటం, తల్లిదండ్రుల ఆశ, పిల్లవాడు బాగా చేయాలని పడే తపన, ఇవన్నీ కొన్ని పాయింట్లు తెచ్చిపెడతాయి.

ఇంకొక పాఠం పాంటోథెనేట్ కైనేజ్ లోపంతో మెదడులో ఇనుము పేరుకుపోయే వ్యాధి నుంచి వచ్చింది. డెఫెరిప్రోన్ అనే మందును 88 మంది మీద 18 నెలల పాటు పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఎంఆర్ఐలో మెదడులోని ఇనుము నిజంగానే తగ్గింది. డిస్టోనియా తీవ్రతలో మాత్రం ప్లసీబోతో పోల్చినప్పుడు నమ్మదగినంత తేడా నిరూపణ కాలేదు. కాబట్టి ఎవరైనా స్కానులో మార్పు, రక్తంలో మార్పు చూపించి మందు పనిచేస్తోందని చెబితే, ఆ మార్పు బిడ్డ తినడంలో, నడవడంలో, నిద్రలో కనిపించిందా అని వెంటనే అడగండి. ప్లసీబో ఉన్న ప్రయోగమైతే, అది ముగిశాక అందరికీ అసలు మందు ఇచ్చే కొనసాగింపు దశ ఉందా, ఎంత కాలం, మందు తయారీ ఆపేస్తే ఏమవుతుంది అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోండి. మెదడులోకి గానీ వెన్నులోకి గానీ మందు ఇచ్చే ప్రయోగాల్లో, మందు ఎక్కించకుండా ఎక్కించినట్టే చేసే నకిలీ ప్రక్రియ ఉంటుందా, అందుకోసం బిడ్డకు మత్తు ఇస్తారా అన్నది తప్పనిసరిగా అడగాలి.

కొలమానం కూడా చూసుకోండి. అటాక్సియాను కొలిచే సారా స్కేలు పెద్దవాళ్ల కోసం రూపొందినది. చిన్న పిల్లల్లో ఏ వ్యాధీ లేనివాళ్లకు కూడా కొన్ని పాయింట్లు వస్తాయి, ఎందుకంటే వాళ్ల సమన్వయం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ఏడాది పాటు సాగే ప్రయోగంలో ఆరేళ్ల పిల్లవాడి స్కోరు కేవలం వయసుతో కూడా మారవచ్చు. దీన్ని ఎలా లెక్కలోకి తీసుకున్నారో పరిశోధకుడు వివరించగలగాలి.

సమ్మతి పత్రం చదివే తీరు

సమ్మతి పత్రం చాలా పేజీలుంటుంది. ఆసుపత్రిలోనే కూర్చుని సంతకం చేయకండి. ఇంటికి తెచ్చుకుని, బిడ్డ నిద్రపోయాక ఇద్దరూ కలిసి పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదవండి. మొదట వెతకాల్సింది సందర్శనల పట్టిక. అందులో ప్రతి రోజుకూ ఎన్ని సూదులు, ఎన్ని ఎంఆర్ఐలు, ఎన్నిసార్లు మత్తు, ఎన్నిసార్లు వెన్ను నుంచి ద్రవం తీయడం ఉన్నాయో ఒక కాగితం మీద కూడండి. రక్తం సంగతి లెక్క వేసి చూడవచ్చు. యూరప్ మార్గదర్శకాల ప్రకారం పరిశోధన కోసం పిల్లల నుంచి తీసే రక్తం ఒకసారికి మొత్తం రక్తంలో 1 శాతం, నాలుగు వారాల్లో 3 శాతం దాటకూడదు. పిల్లల్లో కిలో బరువుకు దాదాపు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. అంటే 15 కిలోల బిడ్డలో సుమారు 1,200 మిల్లీలీటర్లు; ఒకసారికి 12, నాలుగు వారాలకు 36 మిల్లీలీటర్లు పరిమితి. పత్రంలో రాసిన పరిమాణాలను దీనితో పోల్చండి. ఇదే రక్తంలో మామూలు చికిత్సకు కావలసిన పరీక్షలు కూడా చేయించవచ్చా అని అడిగితే బిడ్డకు ఒక సూది తగ్గుతుంది.

రెండోది, ఇప్పుడు వాడుతున్న మందుల్లో ఏవి ఆపాలి, ఎన్నాళ్లు ఆపాలి అన్నది. డిస్టోనియా ఉన్న పిల్లల్లో కండరాల బిగువు తగ్గించే బాక్లోఫెన్‌ను ఒక్కసారిగా ఆపడం ప్రమాదకరం. ఏ మందైనా తగ్గించే పద్ధతిని ప్రయోగం వైద్యుడు, మీ సొంత న్యూరాలజిస్టు కలిసి నిర్ణయించాలి. మూడోది, హాని జరిగితే చికిత్స ఖర్చు ఎవరిది, పరిహారం ఉందా అన్నది. నాలుగోది, ప్రయోగాన్ని ఎప్పుడు ఆపాలో ముందే రాసుకున్న నియమాలు, వాటిని చూసే స్వతంత్ర భద్రతా కమిటీ.

వీటన్నిటికంటే నేను ఎక్కువసేపు ఆగమని చెప్పేది మరొక ప్రశ్న దగ్గర: ఈ ప్రయోగంలో చేరితే బిడ్డకు ఏ తలుపులు మూసుకుపోతాయి? మాత్రలైతే ఆపేయవచ్చు, కొన్ని వారాల విరామం తర్వాత మరో ప్రయోగంలో చేరవచ్చు. జన్యువును మోసుకెళ్లే ఏఏవీ (అడినో అసోసియేటెడ్ వైరస్) తో ఇచ్చే జన్యు చికిత్స అలా కాదు. ఒకసారి లోపలికి వెళ్లాక వెనక్కి తీయలేము. శరీరం ఆ వైరస్‌కు ప్రతిరక్షకాలు తయారు చేసుకుంటుంది కాబట్టి, అదే రకం వైరస్‌తో తర్వాత ఇంకా మంచి చికిత్స వచ్చినా మీ బిడ్డకు అది పనిచేయకపోవచ్చు, లేదా నిబంధనలే అడ్డుపడవచ్చు. తక్కువ మోతాదు బృందంలో చేరిన బిడ్డకు ఈ నష్టం మరీ పెద్దది. ఇంకో ప్రయోగం రాబోతోందని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, పరిశోధకుణ్ణి దాని గురించి నేరుగా అడగండి. వాళ్లకు సాధారణంగా తెలుస్తుంది.

వద్దు అనుకోవడం కూడా బాధ్యతగల నిర్ణయమే. బిడ్డ ఇప్పటికే అలసిపోయి ఉంటే, ప్రయాణాలను తట్టుకోలేని స్థితిలో ఉంటే, ఇంట్లో రెండో బిడ్డను చూసుకునేవాళ్లు లేకపోతే, చేరనందుకు మీరు బిడ్డకు అన్యాయం చేసినట్టు కాదు. సంతకం పెట్టిన తర్వాత కూడా ఏ కారణం చెప్పకుండా తప్పుకునే హక్కు ఉంటుంది. దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు.

బిడ్డ మాట

సమ్మతి మీరు ఇచ్చినా, అర్థం చేసుకోగల పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలి. చాలాచోట్ల దాదాపు ఏడేళ్ల వయసు నుంచి దీన్ని అడుగుతారు. మాట రాని, ఒళ్లు కదపలేని బిడ్డ ఆలోచించలేదనుకోవడం ఈ వ్యాధుల్లో తరచుగా జరిగే పొరపాటు. వాళ్లలో చాలామందికి అన్నీ అర్థమవుతాయి. కళ్లతో అవును, కాదు చెప్పే పద్ధతి ఇంట్లో ఉంటే దాన్ని పరిశోధన బృందానికి ముందే నేర్పండి. ఎన్ని సూదులు ఉంటాయో నిజం చెప్పండి. నొప్పి ఉండదని అబద్ధం చెబితే రెండో సందర్శన నాటికి నమ్మకం పోతుంది. తనకు మేలు జరగకపోవచ్చు, తర్వాత వచ్చే పిల్లలకు ఉపయోగపడవచ్చు అన్న మాట కూడా వయసుకు తగ్గట్టు చెప్పాలి.

చేరిన తర్వాత

డైరీ రాయండి. కొత్తగా కనిపించిన ప్రతిదీ, మందుతో సంబంధం లేదనిపించినా, తేదీతో సహా రాసి బృందానికి చెప్పండి. జ్వరం, వాంతి, నిద్రలేమి, కొత్త కదలిక, బరువు తగ్గడం, ఏదీ చిన్నది కాదు. ప్రయోగం నుంచి తీసేస్తారేమోనన్న భయంతో దాచిపెడితే ముందు నష్టపోయేది మీ బిడ్డే, తర్వాత అదే మోతాదు తీసుకోబోయే బిడ్డ. ప్రయోగం పేరు, మందు పేరు, ఏ వేళనైనా పలికే ఫోను నంబరు, ఇవ్వకూడని మందుల జాబితా ఒక కార్డు మీద రాయించి బిడ్డ వెంట ఉంచండి. అర్ధరాత్రి వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే అక్కడి డ్యూటీ డాక్టరుకు అదే ఆధారం. జలుబుకు వేసే సిరప్ అయినా సరే, బృందాన్ని అడగకుండా కొత్త మందు మొదలుపెట్టకండి. ఫిజియోథెరపీని ప్రయోగం మధ్యలో ఒక్కసారిగా పెంచినా, ఆపినా ఫలితాలు తారుమారవుతాయి. మార్చాల్సి వస్తే ముందే చెప్పండి.

జన్యు చికిత్సల తర్వాత పర్యవేక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది. ఏఏవీ రకాలకు ఐదేళ్ల దాకా, క్రోమోజోముల్లో కలిసిపోయే వైరస్‌లకు 15 ఏళ్ల దాకా పిల్లలను చూడాలని ఎఫ్‌డీఏ సూచిస్తుంది. ఇల్లు మారినా, ఫోను నంబరు మారినా బృందానికి తెలియజేయండి. ప్రయోగం ముగిశాక మీ బిడ్డ ఏ బృందంలో ఉందో, ఎంత మోతాదు అందిందో, పరీక్షల ఫలితాలన్నీ ప్రతులుగా ఇవ్వమని లిఖితపూర్వకంగా కోరండి. ఫలితం ప్రతికూలంగా వచ్చినా దాన్ని ప్రచురిస్తారా, ఎప్పుడు ప్రచురిస్తారు అని అడగండి. ఆ కాగితాలను జన్యు నివేదిక, నెలనెలా తీసిన వీడియోలు ఉన్న ఫైలులోనే పెట్టండి. తర్వాతి ప్రయోగం వచ్చినప్పుడు కొత్త వైద్యుడు మొదట అడిగేది ఆ ఫైలునే.